పెళ్ళిలో అడిగిన గడ్డి

మా పెళ్ళిలో నేను మామగారిని గడ్డి అడిగాను. సరదాకి కాదు. అలిగి, మూతి ముడుచుకుని, బంధువులంతా చుట్టూ నిలబడి చూస్తుండగా అడిగాను. ఆ రోజు నుంచి ఫిజీలో లోవు చుట్టుపక్కల నా అసలు పేరు పోయి ‘ఘాస్‌వాలా దామాద్’ మిగిలింది. గడ్డి అల్లుడు అన్నమాట. నాకు తల నిండా జుట్టున్న రోజుల్లో వచ్చిన పేరది. జుట్టు పోయింది గానీ పేరు పోలేదు.

ముందు నా తెలుగు సంగతి చెప్పుకోవాలి, లేకపోతే ఇదంతా ఎవరో రాసిచ్చారనుకుంటారు. నేను పుట్టింది రాకిరాకి దగ్గర, పెనాంగ్ చక్కెర మిల్లు పొగ కనిపించేంత దూరంలో. మా ముత్తాత ఒప్పందం రాసిన గిర్మిట్ కూలీగా ఓడ దిగిన నాటి నుంచి నా వరకు వచ్చేసరికి, మా ఇంట్లో తెలుగు రెండు పనులకే మిగిలింది. ఒకటి దేవుడికి దణ్ణం పెట్టడం, రెండు పిల్లల్ని తిట్టడం. మిగతా రోజంతా ఫిజీ హిందీయే. అక్షరాలు నేర్చుకున్నది నలభై దాటాక, రాజధాని సువాలో మా తెలుగు సంఘం వాళ్ళు ఆదివారాలు పెట్టిన తరగతిలో. నా పక్క బెంచీలో మా అమ్మాయి కూర్చుని నా గుడులూ కొమ్ములూ దిద్దేది. ఆఫీసులో నా సంతకం కోసం జనం నిలబడేవారు, ఆదివారం మాత్రం నా ‘ఋ’ చూసి ఎనిమిదేళ్ళ పిల్ల నవ్వేది. ఇంత కష్టపడి నేర్చుకున్న భాషలో ఏదో ఒకటి రాయకపోతే మా అమ్మాయికి మొహం చూపించలేను. అందుకే గడ్డి గురించి రాస్తున్నాను.

స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో దేశానికి మనుషులు కావాల్సివచ్చారు. తెల్లవాళ్ళు ఖాళీ చేసిన కుర్చీలు చాలా ఉండేవి. ఉద్యోగాలే చదువుకున్నవాళ్ళను వెతుక్కుంటూ వచ్చేవి. నన్ను కూడా ఒకటి వెతుక్కుంటూ వచ్చిందంటే అవసరం ఎంత తీవ్రంగా ఉండేదో ఊహించుకోవచ్చు. నేల కోతను అరికట్టే శాఖలో అసిస్టెంటుని. చెప్పుకోవడానికి గొప్పగానే ఉండేది. మా అమ్మ ఊరంతా చెప్పుకుంది కూడా. చేసే పని మాత్రం ఇదీ: లోవు వెనక కొండల్లో పట్నానికి నీళ్ళిచ్చే ఒక చిన్న రిజర్వాయరు ఉండేది. అందులో పడవ మీద కూర్చుని, తాడుకి సీసపు గుండు కట్టి నీళ్ళలోకి వదిలి, అడుగున బురద ఎంత పేరుకుందో చూడాలి. నాకు ఈత రాదు. ఆ సంగతి ఇంటర్వ్యూలో ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

ఆ పని ఎందుకో చెబితే తేలికగానే అర్థమవుతుంది. కొండ మీద గడ్డీ చెట్టూ లేని చోట వాన పడితే చినుకు సూటిగా మట్టికే తగులుతుంది. మట్టి విరుగుతుంది, విరిగిన మట్టిని నీళ్ళు వాలు వెంట లాక్కుపోతాయి. అదంతా వచ్చి రిజర్వాయరు అడుగున కూర్చుంటుంది. మట్టి ఎంత కూర్చుంటే నీళ్ళకు అంత చోటు తగ్గుతుంది. పైన రైతుకి చేను పలచబడుతుంది, కింద పట్నానికి నీళ్ళు తగ్గుతాయి. ఈ నాలుగు ముక్కల మీద నేను జీవితమంతా జీతం తీసుకున్నాను.

ఒకరోజు ఉదయం అలా గుండు వదులుతుంటే గట్టు మీది నుంచి ఒక కేక వినిపించింది. “ఏ భయ్యా! ఇక్కడ మచ్ఛీ మనా హై!” చేపలు పట్టకూడదని చెబుతున్నాడు. భుజాన కేన్ నైఫు, నెత్తిన తడిగుడ్డ, చెరకు కొట్టి కొట్టి నల్లబడ్డ మనిషి. చేపలు కాదు, మట్టి పడుతున్నానని అరిచి చెప్పాను. ఆయన “ఎవరి మట్టి?” అన్నాడు. నేను చదువుకున్నవాణ్ణి కదా, చెయ్యెత్తి ఎదురుగా ఉన్న కొండవాలు చూపించి, ఆ పై చేను ఎవరిదైతే వాళ్ళదేనని చెప్పాను. “ఆ చేను నాది,” అన్నాడాయన.

కంగారులో గుండు నా కాలి మీదే వదులుకున్నాను. నొప్పికి నోట్లోంచి అచ్చమైన తెలుగు తిట్టు ఒకటి వచ్చింది, మా అమ్మ మా నాన్నను తిట్టేది. గట్టు మీద ఆయన మొహం వికసించింది. “తెలుగోడివా? రా, రా! ఇంటికి రా, యంగోనా తాగుదాం,” అన్నాడు. నా తెలుగు తిట్ల వల్ల నాకు జరిగిన ఒకే ఒక్క మేలు నా పెళ్ళి.

ఆ ఇంట్లో ఆయనా, ఆయన తల్లీ, ఒక కూతురూ, ఒక చిన్న కొడుకూ ఉండేవారు. భార్య చాలాకాలం కిందటే పోయింది. తనోవా అనే చెక్క గిన్నె నిండా యంగోనా వేరు పొడి నీళ్ళలో కలిపి కొబ్బరి చిప్పతో నాకు అందిస్తూ ఆయన ఆ పై చేను గురించే చెప్పాడు. కుర్రతనమంతా ఇంకొకళ్ళ చెరకు కొట్టే గ్యాంగులో గడిపి, చివరికి తనకంటూ లీజుకి తెచ్చుకున్న నేల అది. మంచి నేలలన్నీ కింద ఎవరో తీసుకున్నారు, ఈయనకి కొండ మిగిలింది. పై నుంచి కిందికి సూటిగా చాళ్ళు తీశాడు. రోడ్డు మీద వెళ్ళేవాళ్ళు ఆగి చూస్తారని, దువ్విన తలలా ఉంటుందని గొప్పగా చెప్పాడు. చాళ్ళు అంత సూటిగా కిందికి ఉంటే వాన నీళ్ళు కూడా అంతే సూటిగా మట్టిని దింపేస్తాయని నేను చెప్పలేదు. నా దృష్టి అప్పటికే కూతురి మీదికి వెళ్ళింది. ఆమె చిప్పలు తీస్తూ ఒకే ఒక్క ప్రశ్న అడిగింది: “ఈత రాకుండా పడవెందుకు ఎక్కుతున్నావు?” నాకు ఈత రాదని ఆమెకెలా తెలిసిందో ఇప్పటికీ తెలియదు. పడవని నేను రెండు చేతులతో పట్టుకున్న తీరు చూసి ఉంటుంది.

ఏడాది తిరక్కుండానే పెళ్ళి కుదిరింది. అక్కడే నా గడ్డి కథ మొదలు.

పెళ్ళికూతురి నాయనమ్మకి ఒక ఆచారం సగం గుర్తుంది. తాళి కట్టాక పెళ్ళికొడుకు అలిగి పాన్పు మీద కూర్చోవాలి. మామ వచ్చి బతిమాలి, అడిగింది ఇస్తానని మాటిచ్చి, చెయ్యిపట్టుకుని లేపాలి. అలకపాన్పు అంటారని నాకు తర్వాత తెలిసింది. మా పెళ్ళిపందిట్లో అది ఎవరూ చూసి ఎరగరు. కానీ ముసలావిడ పట్టు వదల్లేదు. “అల్లుడు అలగాల. అలిగి కూకోవాల. అడిగింది ఇయ్యాల,” అని కర్రతో నేల కొట్టింది. పాన్పు లేదు కాబట్టి యంగోనా తాగేటప్పుడు పరిచే చాప తెచ్చి వేశారు. నన్ను దాని మీద కూర్చోబెట్టి, కానివ్వమన్నారు.

ఆజ్ఞ ప్రకారం అలగడం ఎంత కష్టమో కూర్చున్నవాడికే తెలుస్తుంది. నవ్వొస్తే తప్పు, రాకపోతే భయం. వెనక నుంచి మా చిన్నాన్న చెవిలో “స్కూటర్ మాంగో, స్కూటర్!” అని పోరుతున్నాడు. పెళ్ళికి ముందు మూడు రోజులూ విడవకుండా వాన కురిసింది. పందిట్లో కూర్చున్న నాకు ఎదురుగా ఆ పై చేనే కనిపిస్తోంది. ప్రతి చాలులోంచీ ఎర్రగా నీళ్ళు దిగుతున్నాయి. మామగారు నా ముందు గొంతుక్కూర్చుని, వంట పొగకి కళ్ళు తుడుచుకుంటూ, “బోలో అల్లుడూ, కౌన్చీ కావాలి?” అన్నారు. ఏమిటి కావాలని. నా నోరు నన్నడక్కుండానే తెరుచుకుంది.

“పై చేనుకి అడ్డంగా ఖస్ గడ్డి వరసలు పెట్టాలి.”

మామగారే ముందు నవ్వారు. “గడ్డా!” అని ఆయన నవ్వితే పందిరి కూలుతుందేమో అనిపించింది. వంటవాళ్ళు గరిటెలతో సహా బయటికి వచ్చారు. మా అమ్మ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. పెళ్ళికూతురు తల వంచుకుంది, సిగ్గుతో అనుకున్నాను. నవ్వు ఆపుకోవడానికట, పాతికేళ్ళ తర్వాత చెప్పింది. నవ్వనిది ముసలావిడ ఒక్కతే. ఏ గడ్డి అని అడిగింది. నా సంచిలో ఒక పిలక ఉంది. ఎందుకుందని అడక్కండి, పెళ్ళికొచ్చేటప్పుడు కూడా సంచిలో గడ్డి పెట్టుకునే మనిషిని నేను. ఆమె వేరు వాసన చూసి చాలాసేపు ముక్కు దగ్గరే పెట్టుకుంది. “వట్టివేరు. మాయమ్మ కుండ నీళ్ళల్లో ఏసేది,” అంది. తర్వాత కొడుకు వైపు తిరిగి, “అడిగినాడు. ఇయ్యాల,” అంది.

మామగారు నవ్వు ఆపి నా చెయ్యి పట్టుకున్నారు. “ఇస్తా అల్లుడూ. నేను ఉండేదాకా ఉంచుతా,” అన్నారు. ఒక్క లాగుతో నన్ను చాప మీది నుంచి లేపారు. అంత బలం ఉండేది ఆయనకి.

కొత్త పెళ్ళికొడుకులు సినిమాలకి వెళతారు. నేను కొండెక్కాను. ఇంగ్లీషు ‘ఏ’ ఆకారంలో మూడు కర్రలు కట్టి, మధ్యలో రాయి వేలాడదీసి, దానితో కొండవాలు మీద ఒకే మట్టంలో ఉన్న చోట్లను గుర్తు పెట్టుకుంటూ పోతే వంకరటింకరగా ఒక గీత వస్తుంది. ఆ గీత వెంట గడ్డి పిలకలు దగ్గర దగ్గరగా నాటాలి. అది కంచెలా పెరిగి, దిగే నీటిని ఆపుతుంది. నీరు నెమ్మదించి, తెచ్చిన మట్టిని అక్కడే వదిలి, ఒట్టి చేతులతో కిందికి పోతుంది. చెరకు చాళ్ళు కూడా ఆ గీతకే సమానంగా, అడ్డంగా తియ్యాలి. తన సూటి చాళ్ళు అలా వంకర తిరిగిపోతుంటే మామగారికి గుండె తరుక్కుపోయింది. “ఇదేం వరస అల్లుడూ, తాగినోడు నడిచినట్టుంది,” అన్నారు. రోడ్డు మీద లారీలాపి మరీ చూసేవారు. చెరకులో గడ్డి పీకేవాళ్ళని చూశాం గానీ నాటేవాళ్ళని ఇప్పుడే చూస్తున్నామని ఒకాయన అరిచాడు. మామగారు దానికి జవాబు చెప్పకుండా, నా వైపు చూడకుండా, పిలకలు నాటుకుంటూ పోయారు.

చెప్పకపోతే తప్పు, ఆ గడ్డి పని చేసింది. నేను చేసిన పనుల్లో పని చేసినవి తక్కువ కాబట్టి ఇది ప్రత్యేకంగా చెప్పుకోవాలి. కొన్నేళ్ళకి ప్రతి గడ్డి వరస వెనకా మట్టి చేరి మెట్టులా లేచింది. మెట్టు మీద చెరకు ఏపుగా వచ్చింది. రిజర్వాయరులో ఆ మూల బురద పేరుకోవడం నెమ్మదించిందని నా గుండు చెప్పింది. నాకు గర్వం తలకెక్కింది. సువా నుంచి ఎవరు వచ్చినా వాళ్ళని కొండెక్కించేవాణ్ణి. నా గడ్డి గొప్ప చూసే మామగారు మా అమ్మాయి పేరు కూడా నన్నే పెట్టమన్నారని చెప్పేవాణ్ణి. అది అబద్ధం. గడ్డి గురించి ఆయన ఎప్పుడూ ఒక్క మంచి మాట అనలేదు. నేను అడిగితే, “ఉంది కదా, పెరుగుతాంది కదా,” అనేవారు, అంతే.

తర్వాత నాకు సువాకి బదిలీ అయింది. అక్కడ ఇళ్ళ ధరలు చూసి దగ్గర్లోని నౌసోరిలో ఇల్లు కొన్నాం. నేల కోత నిపుణుడు ఏరి కోరి రేవా నది ఒడ్డున, వరదొస్తే పైనున్న అందరి మట్టీ వచ్చి వాకిట్లో కూర్చునే చోట ఇల్లు కొన్నాడన్నమాట. ప్రతి వరదకీ మా ఆవిడ గుమ్మంలోని బురద పారతో ఎత్తుతూ, “ఇది ఎవరి మట్టో నీ గుండు వేసి చెప్పు,” అనేది.

లోవు వెళ్ళినప్పుడల్లా మామగారు పై చేనులోనే కనిపించేవారు. గడ్డి ఎత్తు పెరిగితే కొయ్యాలి. కోతకి ముందు చెరకు ఆకు తగలబెట్టినప్పుడు మంట పాకి గడ్డి కాలిపోతే, ఆ ఖాళీల్లో మళ్ళీ పిలకలు పెట్టాలి. దేశంలో ప్రభుత్వాలు పడిపోయాయి, చుట్టుపక్కల సగం మంది సర్దుకుని వెళ్ళిపోయారు, లీజు గడువు వచ్చి మళ్ళీ పొడిగించారు. ఆయన మాత్రం ప్రతి ఆదివారం కొండెక్కడం మానలేదు. వయసు మీద పడ్డాక చెరకు పని కొడుక్కి వదిలేశారు, గడ్డి పని వదల్లేదు. మోకాళ్ళు నొప్పని రాత్రిళ్ళు మూలిగేవారట. తెల్లారితే కత్తి పట్టుకుని మళ్ళీ పైకే. అలా వంగి గడ్డి కోస్తున్న ఆయన్ని నేనొక ఫోటో తీశాను. చాలా బాగా వచ్చింది. దాన్ని నా ఉపన్యాసాల్లో పెద్ద తెర మీద వేసి, “చూడండి, రైతుకి నేలతో ఉండే అనుబంధం ఇలాంటిది. ఈ మనిషిని ఈ నేల నుంచి విడదీయలేం,” అని గొంతు గద్గదం చేసుకునేవాణ్ణి. జనం చప్పట్లు కొట్టేవారు. టీ విరామంలో ఒకరిద్దరు కళ్ళు తుడుచుకోవడం కూడా చూశాను.

ఈలోగా వాన మారింది. ఇది నేను ఆఫీసు భాషలో ఎన్నోసార్లు చెప్పాను, ఇప్పుడు మామూలుగా చెప్తాను. మొదట్లో మా కొండల మీద వాన కాలం వస్తే రోజూ కాస్త కాస్తగా కురిసేది, నేల తాగుతూ పోయేది. ఇప్పుడు నెలల తరబడి ఒక్క చినుకు ఉండదు. గడ్డి ఎండుతుంది, కొండలు అంటుకుంటాయి, నేల నోరు తెరుస్తుంది. గాలి వేడెక్కిన కొద్దీ ఎక్కువ నీటిని మోస్తుంది. మోసి మోసి ఒకే మధ్యాహ్నం దించేస్తుంది. ఏడాది మొత్తం మీద చూస్తే వాన పెద్దగా పెరగనే అక్కర్లేదు, పడే తీరు మారితే చాలు. ఉత్తినేల మీద ఒక్కసారిగా పడిన వాన, రిజర్వాయరులోకి ఎన్నో ఏళ్ళ మట్టిని ఒక్కపూటలో తోసేయగలదు. నేను గీతలు గీసింది పాత వానకి. వరసకీ వరసకీ మధ్య ఎంత ఎడం ఉండాలో లెక్క వేసిందీ పాత వానకే. కొత్త వానకి ఆ నిటారు వాలులో గడ్డి ఒక్కటే ఆగదు. రిజర్వాయరుకి పైనున్న నిటారు చేలల్లో చెరకు పూర్తిగా మానేసి, గడ్డి ఉంచి, మధ్యలో చెట్లు పెట్టుకోవాలి. ఇదీ నేను తేల్చిన సంగతి.

దీన్ని సువాలో సభల్లో చెప్పాను. శాండ్‌విచ్‌లు తింటున్న పెద్దలకు చెప్పాను. మా సంఘం వార్షికోత్సవంలో తెలుగులో చెప్పబోయి సగంలో హిందీకి దిగిపోయాను. రేడియోలో కూడా చెప్పాను. చెప్పనిది ఒక్క మనిషికే. ఆ నిటారు చేలల్లో అన్నిటికంటే నిటారుది మా మామగారిది.

ఎలా చెప్తాను? అల్లుడు మామని అడిగేది ఒక్కసారి. ఆ ఒక్కసారీ పందిట్లో వాడేసుకున్నాను. పైగా ఆయన ప్రాణమంతా ఆ చేనులోనే ఉందని దేశమంతా తిరిగి ఫోటోతో సహా చెప్పినవాణ్ణి నేనే. మా ఆవిడ అప్పుడప్పుడూ పొడిచేది: “నాయనకి చెప్పావా?” చెప్తాలే అనేవాణ్ణి. “రేడియోలో చెప్పావుగా, విన్నాడట.” ఏమన్నాడని అడిగితే, “నీ గొంతు బాగుందన్నాడట,” అనేది.

రిటైరయ్యాను. పెనాంగ్ మిల్లు మూతపడింది. మా అన్నదమ్ముల చెరకు లారీల మీద దూరపు మిల్లుకి పోవాల్సి వచ్చింది, కొందరు చెరకే మానేశారు. మానేసినవాళ్ళ మొహాలు దగ్గర నుంచి చూశాను. తెర మీద బొమ్మ వేసి ‘చెరకు మానెయ్యాలి’ అని చెప్పడం వేరు, చేను మానేసిన మనిషి పొద్దున్నే లేచి ఎటు వెళ్ళాలో తెలియక వాకిట్లో నిలబడటం వేరు. మామగారిని అలా చూడలేననుకున్నాను. ఇంకో ఏడాది ఆగుదాం, ఇంకో ఏడాది ఆగుదాం అనుకుంటూ గడిపేశాను.

ఆ ఏడాది ఎండలు వదల్లేదు. లోవు కొండలు రెండుసార్లు కాలాయి. తర్వాత ఒక మధ్యాహ్నం పడమటి వైపు మబ్బు కట్టి, సాయంత్రానికల్లా అంతా దించేసి పోయింది. మర్నాడు బావమరిది ఫోన్ చేశాడు. “జీజా, నల్కా మే పానీ నహీ, చాయ్ ఆవే హై,” అన్నాడు. కుళాయిలో నీళ్ళు కాదు, టీ వస్తోందని. నవ్వుదామనుకున్నాను. “పై చేను?” అన్నాను. “నువ్వు రా,” అన్నాడు.

రోడ్లు తెరిచాక మా ఆవిడా నేనూ వెళ్ళాం. మలుపు తిరగ్గానే కొండ కనిపించింది. పచ్చటి వాలు మధ్యలో పై నుంచి నీళ్ళ దాకా ఒకటే ఎర్రటి చార. దగ్గరికి వెళ్ళి చూశాను. అన్నిటికంటే పైనున్న గడ్డి వరస, మొన్న కాలిన చోట తెగింది. ఆ గండిలోంచి దూకిన నీళ్ళు రెండోదాన్ని కొట్టాయి, ఆ రెండిటి నీళ్ళూ కలిసి మూడోదాన్ని కొట్టాయి. గడ్డి వెనక ఇన్నేళ్ళు మెట్లుగా చేరిన మట్టి, పెళ్ళినాటి నుంచి పిడికెడు పిడికెడుగా దాచిన మట్టి, ఒక్క మధ్యాహ్నంలో రిజర్వాయరులోకి దిగిపోయింది. నాకు ఏడుపొచ్చింది. అక్కడ ఉపన్యాసం వినేవాళ్ళెవరూ లేరు కాబట్టి అది నిజం ఏడుపే.

మామగారు వరండాలో చాప మీద కూర్చుని ఉన్నారు. నన్ను చూసి లేవబోయి లేవలేకపోయారు. ఆయన పక్కన కేన్ నైఫూ, తడి గోనెలో చుట్టిన గడ్డి పిలకలూ ఉన్నాయి. ఎనభై దాటిన మనిషి మళ్ళీ నాటడానికి సిద్ధం చేసుకున్నారు. నాకంటే ముందు ఆయనే మాట్లాడారు.

“మాఫ్ కరో అల్లుడూ. నీ గడ్డి నిలబెట్టలేకపోయినా. ఉండేదాకా ఉంచుతా అన్నా. ఉండంగానే పోయింది.”

మా ఆవిడ గుమ్మంలో ఆగిపోయింది. ఆయన చాప మీద పక్కకి జరిగి, నాకు చోటు చూపించి తట్టారు. “కూకో. మళ్ళీ అలుగు. ఇంకోటి మాంగో. ఈసారి గట్టిది ఇస్తా,” అన్నారు. పరాచికమే గానీ ఆయన మొహంలో నవ్వు లేదు.

కూర్చున్నాను. బట్టతలతో, మోకాళ్ళు పట్టేసి, ఎర్రగా చీలిపోయిన కొండకి ఎదురుగా. నా వెనక నుంచి స్కూటర్ అడగమని చెప్పడానికి చిన్నాన్న కూడా లేడు. సభల్లో అన్నిసార్లు చెప్పిన మాటే నేల చూస్తూ అన్నాను. “పై చేను వదిలెయ్ మామా. చెరకు వద్దు. చెట్లు పెడదాం. నువ్విక కొండెక్కొద్దు.”

ఆయన కొండ వైపు తిరిగారు. ఇక అయిపోయింది, ఆయన ప్రాణం నేనే తీశాననుకున్నాను.

“ఇది ముందే అడగొచ్చు కదా అల్లుడూ,” అన్నారాయన మెల్లగా. “మోకాళ్ళు పోయినప్పుడే వదిలేద్దామనుకున్నా. ఎన్నేళ్ళయిందో. చేను వదిలేస్తే నీ గడ్డి ఎవరు చూస్తారు? నీకు మాటిచ్చినా కదా. నువ్వు అడుగుతావేమో, అడుగుతావేమో అని చూసినా. రేడియోలో అందరికీ చెప్పినావు. నాకు చెప్పలేదు. అల్లుడికి గడ్డి కావాల్నేమో అనుకున్నా.”

రైతుకి నేలతో ఉండే అనుబంధం అని నేను తెర మీద చూపించి చప్పట్లు కొట్టించుకున్న ఫోటో అదీ. ఆ ముసలాయన అన్ని ఆదివారాలు వంగి కోసింది నా గడ్డిని. నేలని ఎప్పుడో వదిలేశాడు. వదలనిది నన్ను. ఆయన మనసు నొప్పిస్తానని నేనూ, నా మనసు నొప్పిస్తానని ఆయనా మర్యాదగా నోరు మూసుకుని కూర్చుంటే, ఈలోగా మట్టి దిగిపోయింది.

“ఇచ్చినా, పో,” అన్నారు మామగారు. “రేపు ఎక్కక్కర్లేదా అయితే?”

“అక్కర్లేదు మామా.”

ఆయన కాళ్ళు చాపుకున్నారు. మా ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ ఆయన మోకాళ్ళకి నూనె వేడిచెయ్యడానికి లోపలికి వెళ్ళింది. అలిగిన అల్లుణ్ణి చెయ్యిపట్టి లేపాల్సింది మామే. ఆచారం మరిచిపోకుండా ఆయన చెయ్యి చాచారు, నా చెయ్యి పట్టుకుని లాగారు కూడా. ఆ లాగుడికి నేను కదల్లేదు. చివరికి నేనే లేచి, రెండు చేతులా పట్టుకుని ఆయన్ని లేపాను.